ఏకపాత్రాభినయం

మన ప్రాంతంలో వంట గురించి ఇంతకాలం సాగిన చర్చంతా కారం చుట్టూ, పులుపు చుట్టూ, ఉప్పు రెండుసార్లు ఎవరు వేశారన్న దర్యాప్తు చుట్టూ తిరిగిందే తప్ప, చివరికి ఎన్ని గిన్నెలు అంట్లలో పడ్డాయన్న మౌలిక ప్రశ్నను ఏ పండితుడూ పట్టించుకోలేదు. ఆ లోటును పూడ్చే ఉద్దేశంతో, హనుమకొండలోని మా ఇంట్లో గత ఆదివారం రాత్రి, ఐదుగురు సభ్యుల కుటుంబానికి ఒకే ఒక్క గిన్నెలో 20 నిమిషాల్లో పాస్తా వండి పెట్టే ప్రయోగాన్ని నేను స్వయంగా నిర్వహించాను. ప్రయోగం విజయవంతమైంది. ఈ మాట ముందే చెప్పవలసి రావడానికి కారణం, దీనిపై మా ఇంట్లోనే భిన్నాభిప్రాయాలు ఉన్నట్టు కొన్ని వదంతులు బయలుదేరడం.

ముందుగా సిద్ధాంతం. ఇటలీవారి సంప్రదాయం ప్రకారం 100 గ్రాముల పాస్తాకు లీటరు చొప్పున నీళ్లు మరిగించి, అందులో ఉప్పు వేసి, పాస్తా ఉడికిన తరువాత నీళ్లు వార్చేయాలి. సాసు మాత్రం పక్క పొయ్యి మీద వేరే గిన్నెలో సిద్ధమవుతూ ఉంటుంది. మా ఇంటికి 400 గ్రాములు కావాలి కాబట్టి 4 లీటర్ల నీళ్లు మరగబెట్టి, వాటిలో ముప్పాతిక భాగానికి పైగా తూములో పోయాలన్నమాట. భగీరథ నల్లా ఎప్పుడు వస్తుందోనని బిందెలు వరుసగా పెట్టుకుని కూర్చునే కుటుంబానికి ఇది తగిన పద్ధతి కాదు. ఏకపాత్ర విధానంలో ఎండు పాస్తా, టమాటాలు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, నూనె, ఉప్పు అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి, లీటరుకు కాస్త అటూ ఇటూగా నీళ్లు పోసి ఊరుకుంటారు. పాస్తా నుంచి దిగిన పిండి పదార్థం ఎక్కడికీ పోకుండా ఆ కొద్ది నీళ్లలోనే ఉండి, చిక్కబడి, దానంతట అదే సాసుగా మారుతుంది. తెలుగులో చెప్పాలంటే, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టడమే. మా పిల్లలకు అత్తెసరు అనగానే మార్కులు గుర్తుకు వస్తాయి కాబట్టి, ఆ ఉపమానాన్ని నేను వారి ముందు వాడలేదు.

నన్నడిగితే, ఈ విధానానికి పుట్టిల్లు ఇటలీ కాదు, ఓరుగల్లు ప్రాంతమే. సర్వపిండి పేరే అందుకు సాక్ష్యం. సర్వ అన్నది గిన్నె పేరు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కరివేపాకు కలిపి, ఆ ముద్దను గిన్నె లోపలి గోడలకు ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె పోసి మూత పెడితే, భోజనమూ గిన్నే ఒకే పేరుతో తయారవుతాయి. ఒకటి కాలిన తరువాత గిన్నె చల్లారితే తప్ప రెండోది ఒత్తడానికి వీలుండదనీ, అందుకే తెలిసినవాళ్లు రెండు గిన్నెలు మార్చి మార్చి వాడతారనీ మా అమ్మ మధ్యలో అడ్డు తగిలింది. సిద్ధాంతానికి హాని చేసే సాక్ష్యం కాబట్టి దానిని నమోదు చేయలేదు.

పాస్తా పొట్లం విప్పగానే మా అమ్మ ఇంకొక సందేహం లేవనెత్తింది. నేను కొన్నది పెన్నె రకం. ఇటాలియన్ భాషలో ఆ మాటకు ఈకలని అర్థం. పూర్వం ఈకలతో చేసిన కలాలకు పాళీ చెక్కినట్టు ఈ గొట్టాల చివరలు ఏటవాలుగా కోసి ఉంటాయి. ఇదంతా నేను వివరిస్తూ ఉండగానే ఆమె ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, వేలికి తొడిగి చూసి, "నూనెల గోలిచ్చే గొట్టాలా కొడకా ఇవి?" అని అడిగింది. ఇటలీలో ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమతోనే తయారు చేయాలని 1967లో చట్టం చేశారనీ, అది అంత గంభీరమైన పదార్థమనీ తెలియజేశాను. "గోధుమలైతే పొద్దుగాల తినాలె గని, రాత్రికి అన్నం వద్దా?" అన్నది ఆమె తదుపరి ప్రశ్న. మా ఇంట్లో రాత్రి అన్నం ఉండి తీరాలన్న చట్టం ఒకటి ఉంది. అది ఏ సంవత్సరంలో అమల్లోకి వచ్చిందో తెలియదు కానీ, దానికి సవరణలు మాత్రం ఇప్పటివరకు జరగలేదు.

పరాయి వంట అని పెదవి విరిచేవారికి ఇక్కడే ఒక సమాధానం చెప్పాలి. వేయి స్తంభాల గుడి వెలసిన 1163 నాటికి గానీ, రామప్ప గుడి వెలసిన 1213 నాటికి గానీ ఈ గడ్డ మీద మిరపకాయ లేదు, టమాటా లేదు. రెండూ అమెరికా ఖండాల పంటలే. 1492లో కొలంబస్ సముద్రం దాటిన తరువాతే మిగతా ప్రపంచానికి వాటి ముఖం తెలిసింది. రుద్రమదేవి వంటింట్లో ఘాటు కావాలంటే మిరియాలే గతి. ఇటలీవారి పాస్తా కూడా అలాగే టమాటా పరిచయం లేకుండా శతాబ్దాలు గడిపింది. అటువంటప్పుడు ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలలో తరలివచ్చే చపాటా మిరపకాయకు, ఇటలీ గొట్టానికి మా ఇంటి పొయ్యి మీద సంబంధం కలిపితే తప్పేమిటి? గుండ్రంగా, రంగు నిండుగా, కారం తక్కువగా ఉండే ఈ కాయను టమాటా మిర్చి అని కూడా పిలుస్తారు. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నాలుగు కాయలు నానబెట్టి, మిక్సీ పట్టి కలిపితే వచ్చిన ఎరుపును చూసి మా అబ్బాయి మొదటిసారి వంటింట్లోకి తనంతట తాను వచ్చాడు.

పాస్తాలో వాసన కోసం వేసే బేసిల్ ఆకు దగ్గర మాత్రం కొంత చిక్కు వచ్చింది. వేసవిలో ఫలూదాలో మనం మింగే సబ్జా గింజలు ఆ మొక్కవే అయినా, ఆకు కావాలంటే మా వీధి కూరగాయల బండివారికి అర్థం కాలేదు. బేసిల్, తులసి ఒకే కుటుంబానికి చెందిన అక్కచెల్లెళ్లు కాబట్టి నా చూపు సహజంగానే పెరట్లోని తులసికోట మీదికి మళ్లింది. ఎల్లిగడ్డ పడిన కూరలో తులసి దళమా అన్నట్టు మా అమ్మ నా వైపు చూసిన చూపును ఇక్కడ అక్షరాలలో పెట్టలేను. కొత్తిమీర వేశాం.

ఇక గిన్నెల లెక్క. వెడల్పాటి బగోన మా ఇంట్లో ఒక్కటే ఉంది, అందులో మధ్యాహ్నం పప్పు ఉంది. నా భార్య పప్పును చిన్న గిన్నెలోకి మార్చి, బగోనను తోమి నా చేతికి ఇచ్చింది. ఇది ప్రయోగం మొదలు కాకముందు జరిగిన ఘటన కాబట్టి లెక్కలోకి రాదు. టమాటాల తోలు ఊడడానికి వాటిని వేడి నీళ్లలో వేసిన గంజు నీళ్ల గిన్నె అవుతుందే తప్ప వంట గిన్నె కాదు. మిక్సీ జారు యంత్రంలో భాగం. మిరపకాయలు నానిన చిప్పను, ఉల్లిగడ్డ ముక్కలు పోసిన తలెను, ఎల్లిగడ్డ పొట్టు పడిన ఇంకో తలెను సహాయక సామగ్రి కింద జమ కట్టాను. పాస్తా సగం ఉడికేసరికి నీళ్లు చాలకపోవడంతో పక్క పొయ్యి మీద చాయ గిన్నెలో మరగబెట్టి పోయవలసి వచ్చింది. అయితే చాయ గిన్నె పుట్టుక చాయ కోసం. దాని మీద పాస్తా నేరం మోపడం న్యాయం కాదు. పాత్ర అన్న మాటకు గిన్నె అనీ, నాటకంలో వేషమనీ రెండు అర్థాలు ఉండడం వల్ల, ఉల్లిగడ్డ కోసి కళ్లు తుడుచుకుంటున్న మా అమ్మాయి దీనికి ఏకపాత్రాభినయం అని పేరు పెట్టింది. అభినయం ఎవరిదో వివరించలేదు.

సమయం విషయంలో కూడా విమర్శలు వచ్చాయి. ఏడు గంటలకు మొదలై ఎనిమిదిన్నరకు ముగిసిన దానిని 20 నిమిషాల వంట అని ఎలా అంటారని నన్ను అడిగారు. నీళ్లు మరిగిన క్షణం నుంచే వంట సమయం మొదలవుతుంది. అంతకుముందు నా భార్య ఎల్లిగడ్డ వలిచిన సమయం వంట సమయం కాదు, అది సంసారంలో సహజంగా గడిచే సమయం. నేను గొట్టాలను వేసి, గడియారం చూసి, ఉప్పు సరిపోయిందని ప్రకటించాను. ఈ విధానంలో చివరి ఐదు నిమిషాలు గంటె ఆపకుండా కలపాలి, లేకపోతే చిక్కబడిన పిండి అడుగున పట్టుకుంటుంది. ఆ కీలక ఘట్టంలోనే తదుపరి సూచన ఏమిటో ఫోనులో చూసుకోవలసి రావడం వల్ల గంటెను నా భార్యకు అప్పగించాను. అప్పటికే కొంత అడుగంటింది. అధికార మార్పిడిలో ఇటువంటివి మామూలే.

పాస్తా బాగా కుదిరింది. అబ్బాయి రెండుసార్లు పెట్టించుకున్నాడు. అమ్మాయి చీజ్ ముక్క తురిమి వేసుకుంది (తురుము పీటను నేను చూడలేదు, కాబట్టి లెక్కించలేదు). మా అమ్మ నాలుగు గొట్టాలు మామిడికాయ తొక్కుతో నంజుకుని తిని, "మంచిగనే ఉన్నయ్ కొడకా" అని ధ్రువీకరించి, అదే ఊపిరితో, "గని అన్నం ఎప్పుడు పెడ్తరు?" అని అడిగింది. నా భార్య ఏమీ మాట్లాడకుండా కుక్కర్ పెట్టింది, పప్పు వెచ్చబెట్టింది, పెరుగు గిన్నె బయటికి తీసింది. అన్నం వాసన తగలగానే అబ్బాయి మూడోసారి కూర్చున్నాడు. అందరం కాస్త కాస్త తిన్నాం. అయితే అది భోజనం. దానిని పాస్తా ఖాతాలో రాయడానికి వీల్లేదు.

ఈలోగా బగోనను వంటింటి గట్టు మీద మధ్యలో పెట్టి, చుట్టూ ఉన్నవాటిని పక్కకు జరిపి, పైన కొత్తిమీర చల్లి, నేను ఒక ఫొటో తీశాను. ఫొటోలో ఒక్క గిన్నె మాత్రమే ఉన్నదని ఎవరైనా సరిచూసుకోవచ్చు. దానిని బంధువుల గ్రూపులో పెట్టిన ఐదు నిమిషాలకే కరీంనగర్ నుంచి మా చెల్లెలు వాళ్ల వదినకు ఫోను చేసింది. నా భార్య మోచేతుల వరకు సబ్బు నురగలో ఉండి, అడుగంటిన బగోనను పీచుతో రుద్దుతూ ఉండడం వల్ల ఫోను నేనే ఎత్తి, స్పీకరు పెట్టి గట్టు మీద ఉంచాను. "వదినా, అంత ఒక్క గిన్నెల్నే అయిపోయిందట గద, ఇగ నీకేం రంది లేదు! ఎట్ల చేసిన్రో జెర మా ఆయనకు గూడ చెప్పు!" అంది మా చెల్లెలు. వదినకు ఇప్పుడు చేతులు ఖాళీగా లేవని చెప్పి, విధానమంతా నేనే బావకు మొదటి నుంచి వివరించాను. సరిగ్గా 20 నిమిషాలు పట్టింది.