యమహా ఎఫ్‌జీ-800: పదేళ్ల పేరు, నేటి ధర

మన దేశంలో గిటార్ నేర్చుకునేవారిలో చాలామంది యమహా ఎఫ్-310తో మొదలుపెడతారు. ఏడాదో రెండేళ్లో సాధన చేశాక, ఇంకాస్త మేలైన వాద్యం కావాలనిపించినప్పుడు అదే కంపెనీ తయారుచేసే ఎఫ్‌జీ-800 వైపు చూస్తారు. 2016లో వచ్చిన ఈ నమూనా మన దగ్గర ఇరవై వేల రూపాయల పైమాటే. అది మంచి గిటార్ అనడంలో పెద్దగా వాదన లేదు. అయితే అప్పట్లో దానికి పేరు తెచ్చిన కారణాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయా, లేక పేరు మాత్రమే మిగిలిందా అన్నది తేల్చుకోకుండా అంత డబ్బు పెట్టడం సరికాదు.

ఈ పేరు వెనక సుదీర్ఘ చరిత్రే ఉంది. అప్పటికి నిప్పన్ గక్కి అనే పేరుతో ఉన్న ఈ కంపెనీ 1966లో ఎఫ్‌జీ-180ని విడుదల చేసింది. ఎఫ్‌జీ అంటే ఫోక్ గిటార్. లోపల ఎర్ర లేబుల్ ఉండే ఆనాటి గిటార్లను ఈనాటికీ వెతికి మరీ కొనేవారున్నారు. విచిత్రమేమిటంటే, వాటి పై చెక్క ఏకచెక్క కాదు, పొరలు అతికించిన ప్లైవుడ్. ఏకచెక్క లేనిదే గిటార్ కాదని వాదించేవారు ఈ సంగతిని సాధారణంగా ప్రస్తావించరు.

అలాగని ఏకచెక్కకు విలువ లేదని కాదు. తీగల కంపనం వాటిని మోసే శాడిల్ అనే చిన్న పట్టీ మీదుగా, పై చెక్కకు అతికించిన బ్రిడ్జి అనే దిమ్మెకు, అక్కడి నుంచి పై చెక్కకు చేరుతుంది. శబ్దంలో ఎక్కువ భాగాన్ని గాలిలోకి పంపేది ఆ పలకే. ప్లైవుడ్‌లో ఒక పొర నారకు అడ్డంగా మరో పొర నార ఉండడం వల్ల, మధ్యలో జిగురు ఉండడం వల్ల, పలక బిగుసుకుని కంపనాన్ని కొంత మింగేస్తుంది. ఎఫ్-310 పై చెక్క ఈ రకమే. ఎఫ్‌జీ-800కి ఏకచెక్క సిట్కా స్ప్రూస్ వాడారు. పైగా లోపలి ఆధార కర్రలను అక్కడక్కడ తొలిచి పలచన చేసి, పలక స్వేచ్ఛగా కదిలే వీలు కల్పించారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే కార్డ్ మీటితే, మంద్ర స్వరాల నిండుదనంలోనూ, గట్టిగా మీటినప్పుడు స్వరం చెదరకపోవడంలోనూ తేడా తెలుస్తుంది.

కానీ ఈ ఆధిక్యం ఇప్పుడు యమహా ఒక్కదాని సొత్తు కాదు. ఫెండర్ సీడీ-60ఎస్‌లోనూ, కార్ట్ కంపెనీ ఎర్త్ వరుసలోని కొన్ని నమూనాల్లోనూ ఏకచెక్క స్ప్రూస్ దొరుకుతోంది. వివరాల పట్టికలు మాత్రమే చూసి ఎంచుకునేవారికి ఎఫ్‌జీ-800ని ప్రత్యేకంగా కోరుకోవాల్సిన కారణం కనిపించదు. పైగా ఆ పట్టికలో వెనక, పక్క చెక్కలు నాటో లేదా ఒకూమే (రెండూ చెక్క రకాలే) అని రాసి ఉంటుంది, అంటే కొనుగోలుదారుకు ఏది వస్తుందో ముందుగా తెలియదు.

నా అంచనాలో దీనికి మిగిలిన అసలు బలం తయారీలో నిలకడ. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలైన ఫ్రెట్ల అంచులు చేతికి గీసుకోకుండా, మెడ వంకర లేకుండా, ట్యూనింగ్ నిలిచే విధంగా ఒక గిటార్ తర్వాత ఇంకొక గిటార్‌ను దాదాపు ఒకే నాణ్యతతో అందించడంలో ఈ ధరలో యమహాకు సాటి వచ్చేవారు తక్కువ. హైదరాబాద్‌లో పది గిటార్లు వాయించి చూసి కొనే వీలున్నవారికి ఇది అంత ముఖ్యం కాకపోవచ్చు. నిజామాబాద్‌లోనో రాజమహేంద్రవరంలోనో కూర్చుని ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారికి మాత్రం, పెట్టె విప్పేదాకా వాద్యం చేతికి రాదు కనుక, ఈ నిలకడే డబ్బు పెట్టదగిన గుణం.

ఇక దుకాణదారులు తరచుగా చేసే సూచన, ఇంకొన్ని వేలు కలిపి రోజ్‌వుడ్ వెనక చెక్క ఉన్న ఎఫ్‌జీ-830 తీసుకోమని. ఈ సలహాను నేను సమర్థించను. 2018లో బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వెనక, పక్క చెక్కలు తప్ప మిగతా అన్నింటిలో ఒకేలా ఉండే ఆరు గిటార్లు చేయించి, 52 మంది వాద్యకారులకు వెల్డింగ్ కళ్లద్దాలు తగిలించి, మసక వెలుతురులో వాయింపజేశారు. ఖరీదైన చెక్కకూ చవక చెక్కకూ వాళ్లిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు. అలాంటప్పుడు ఎఫ్‌జీ-830లో పొరలు అతికించిన రోజ్‌వుడ్ కోసం అదనంగా ఇచ్చే డబ్బు ఎక్కువగా కంటికి ఇంపైన దానికే పోతుంది. అదే డబ్బుతో మంచి పనివాడి చేత సెటప్, అంటే వాయించడానికి వీలుగా సర్దుబాట్లు, చేయించుకుంటే వేళ్లకు సుఖం. తీగలను రెండు చివర్లా మోసే నట్, శాడిల్ అనే రెండు చిన్న ముక్కలూ ఎఫ్‌జీ-800లో యూరియా ప్లాస్టిక్‌వే. ఎముకతో చేసినవి వేయించి, తీగల ఎత్తు తగ్గించి, మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను సరిచూపిస్తే గిటార్ తీరే మారిపోతుంది. కొత్తగా వచ్చినప్పుడు తీగలు కాస్త ఎత్తుగా ఉండడం మామూలే, దాన్ని లోపమని తిరగ్గొట్టాల్సిన పని లేదు.

ఏకచెక్కకు మన వాతావరణం ఒక పరీక్ష. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే దానికి క్షేమం. విశాఖ, కాకినాడ తీరంలో ఉండే తేమకు పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి; తెలంగాణ వేసవిలో, అందునా ఏసీ గదిలో, అదే పలక కుంచించుకుపోయి పగుళ్లు తెచ్చుకోవచ్చు. గిటార్‌ను గోడకు తగిలించి అందం చూసుకునేవారు ఎఫ్-310తోనే ఉండడం మేలు, ఎందుకంటే ప్లైవుడ్ ఇంతగా స్పందించదు. ఎఫ్‌జీ-800 కొన్నవారు దాన్ని పెట్టెలో ఉంచి, వానాకాలంలో సిలికా జెల్, ఎండాకాలంలో తేమనిచ్చే పరికరం వాడాలి. ఈ ఖర్చు చిన్నదే గానీ ఈ శ్రద్ధ అందరికీ ఉండదు.

పెద్ద ఒడ్డూపొడుగూ ఉన్న గిటార్ కనుక చిన్న పిల్లలకూ, కుర్చీలో కూర్చుని వేళ్లతో మెల్లగా మీటేవారికీ ఇదే కుటుంబంలోని చిన్న ఎఫ్‌ఎస్-800 నప్పుతుంది. వేదికెక్కేవారు ఎఫ్‌జీ-800లో పికప్, అంటే శబ్దాన్ని యాంప్లిఫయర్‌కు పంపే పరికరం, లేదని గుర్తుంచుకోవాలి.

వాడిన ఎఫ్‌జీ-800 తక్కువకు దొరికితే కొత్తదానికంటే అదే లాభసాటి. అయితే బ్రిడ్జి వెనక పలక ఎంత ఉబ్బిందో, బ్రిడ్జి అంచు దగ్గర కాగితం దూరే సందేమైనా ఉందో చూసుకోవాలి. ఇక శాడిల్‌ను అప్పటికే బ్రిడ్జి మట్టానికి అరగదీసి ఉండి కూడా పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగలు ఎత్తుగా ఉంటే, మెడ కోణం తప్పిందని అర్థం. అతికించిన మెడను ఊడదీసి మళ్లీ కూర్చడానికయ్యే ఖర్చు ఈ స్థాయి గిటార్ విలువనే మించిపోవచ్చు కనుక, అలాంటిది సగం ధరకు ఇస్తామన్నా వద్దనడమే మంచిది.