కంప్యూటర్ నేరాల చట్టం గారికి ఒక చొరబాటుదారుడి విన్నపం

మహారాజశ్రీ చట్టం గారి దివ్యసముఖానికి,

తమరి పేరు చెప్పి పంపిన లీగల్ నోటీసు ఇందాకే అందింది. ధన్యుణ్ణి.

నా ఘనకార్యం ఇదీ. బిల్లు చూసుకుందామని లింకు తెరిస్తే చివర నా నంబరు కనబడింది. అందులో ఒక అంకె మార్చి చూశాను. ఎవరిదో బిల్లు ఊడిపడింది, పేరు, అడ్రసు, ఫోను నంబరుతో సహా. పాస్‌వర్డ్ ఊసే లేదు. అక్కడితో మూసేసి, 'అయ్యా, ఎవరి బిల్లు ఎవరైనా చూసేలా ఉంది, సరిచేసుకోండి' అని కంపెనీకి మెయిల్ పెట్టాను. ఇంజనీరు పలకలేదు, లాయరు పలికాడు. నేను 'అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడ్డాను' అట.

తమరికి కావలసింది ఒక్కటే: అనుమతి ఉందా, లేదా? ఎందుకు చూశాడు, ఏం పట్టుకెళ్లాడు, చూశాక ఎవరికి చెప్పాడు, ఇవేవీ తమరికి పట్టవు. స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) రాసి ఆ అంకెలన్నీ వరసగా తిప్పి, బిల్లులన్నీ ఊడ్చుకుపోయేవాడు మెయిల్ పెట్టడు. పెట్టడు కాబట్టి దొరకడు. కింద పేరు రాసి నమస్కారం పెట్టిన వెర్రిబాగులవాడు మాత్రం తేలిగ్గా దొరుకుతాడు.

2021లో అమెరికాలోని మిస్సోరీలో ఇదే తంతు. ప్రభుత్వ వెబ్‌సైట్ పేజీ సోర్సులో, అంటే పేజీ వెనకుండే కోడ్‌లో, టీచర్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు (మన ఆధార్ లాంటివి) బయటపడి ఉన్నాయని ఒక విలేకరి కనిపెట్టి, ముందు శాఖకు చెప్పి, వాళ్లు సరిచేసుకునేదాకా ఆగి, ఆ తర్వాతే వార్త రాశాడు. గవర్నరు గారు అతన్నే హ్యాకరన్నారు, కేసు పెడతామన్నారు. బ్రౌజర్‌లో 'వ్యూ సోర్స్' నొక్కి, ఎవరికైనా కనబడే ఆ కోడ్ చూడడం నేరమన్నమాట! చివరికి ప్రాసిక్యూటరే కేసు వద్దన్నాడు. ఈలోగా నెలల తరబడి ఆ మనిషికి నిద్ర పట్టిందో లేదో తమరికెందుకు?

తమరి బంధువర్గం, అంటే తక్కిన కంప్యూటర్, ఫోన్ల నిబంధనలూ తక్కువవేం కావు. విదేశాలకు, సమాచారాన్ని పరాయివాళ్లు చదవకుండా దాచే గట్టి ఎన్‌క్రిప్షన్ అమ్మకూడదని 1990లలో అమెరికా పట్టుబట్టింది. అందుకోసం కావాలని బలహీనపరిచిన కీలను వాడే ఏర్పాటు సర్వర్లలో అలాగే మిగిలిపోయి, 2015లో బయటపడ్డ ఫ్రీక్ దాడికి (రహస్య సంభాషణను ఆ బలహీనమైన కీల మీదికి దించి చదివే పద్ధతికి) దారిచ్చింది. సాక్షాత్తూ అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ వెబ్‌సైటే ఆ దాడికి లొంగేలా ఉందని తేలింది. గ్రీసులోనైతే చట్టబద్ధంగా ఫోన్లు వినడానికని టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉన్న సదుపాయాన్నే వాడుకుని, 2004-05లో ఎవరో ప్రధానమంత్రి ఫోను కూడా విన్నారు. అయినా 'మంచివాళ్లకు మాత్రమే తెరుచుకునే దొడ్డిదారి' కావాలని ప్రభుత్వాలు ఇప్పటికీ అడుగుతూనే ఉంటాయి.

సరే, మర్యాదలు చాలు. 2022 మేలో అమెరికా న్యాయశాఖ, సదుద్దేశంతో లోపాలు వెతికేవాళ్ల మీద కేసులు పెట్టొద్దని తన ప్రాసిక్యూటర్లకు చెప్పింది. సంతోషమే. కానీ అది శాఖ మాట, నీ మాట కాదు. కంపెనీ సివిల్ దావా వేస్తే ఆ కాగితం నన్ను కాపాడదు. హాని చెయ్యకుండా లోపం చెప్పినవాడి జోలికి రాకూడదని నీ సెక్షన్లలోనే రాయి. ఒక్క వాక్యం, అంతే. ఏళ్లుగా అడుగుతున్నాం, నీకు చెవికెక్కదేం?

అది రాసేదాకా నాకేమీ కనబడదు. ఆ పక్క పేజీలో కనబడ్డదాని గురించి కూడా నోరు మెదపను.

ఇట్లు,
తమరి నోటీసు అందుకున్నవాడు