మహారాజశ్రీ బాటమ్ గారికి

మహారాజశ్రీ షేర్ల బాటమ్ గారి, అనగా పడుతున్న షేరు ధర ఇక పడక ఆగే అట్టడుగు మెట్టుగారి, దివ్యసముఖమునకు, విశాఖపట్నం ద్వారకానగర్ నుంచి ఒక చిన్న మదుపరి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తప్ప మేమందరమూ క్షేమం. మీ క్షేమ సమాచారాలు అడగలేను, ఎందుకంటే మీరు ఎక్కడ బస చేసిందీ మీరు వెళ్లిపోయాక గానీ ఎవరికీ తెలియదు.

ఈ ఉదయం టీవీలో ఒక నిపుణుడు నా షేరుకు 212 దగ్గర గట్టి సపోర్ట్, అంటే పడే ధరను ఆపే మెట్టు, ఉందనీ, తమరు అక్కడ వేంచేసినట్లేననీ చార్టు మీద ఎర్ర గీత గీసి మరీ సెలవిచ్చారు. మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ మూసేసరికి ధర 197. గీత మాత్రం చెక్కుచెదరలేదు.

అంతకన్నా నాకు మింగుడుపడనిది మీ పేరు మీద చలామణీ అయ్యే ఒక మాట. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకు వచ్చే పెద్దమనుషులందరూ ఆ మాటే అంటారు: "ఎనభై శాతం పడిందండీ, ఇంకేం పడుతుంది?" నూరు రూపాయల షేరు ఇరవైకి వస్తే ఎనభై శాతం పడినట్టు, పదికి వస్తే తొంభై శాతం పడినట్టు. వినడానికి తేడా పది శాతమే గానీ, ఇరవై దగ్గర మీ దర్శనమైందనుకుని కొన్నవాడికి సగం డబ్బు పోయింది, ఆ సగం తిరిగి రావాలంటే షేరు రెట్టింపు కావాలి. 2018 ఆగస్టులో 400 దగ్గర ఉన్న యెస్ బ్యాంక్ షేరు 200కు వచ్చినప్పుడూ, 100కు వచ్చినప్పుడూ చవకగానే కనిపించింది. 2020 మార్చి 6న ఒక దశలో ఆరు రూపాయల లోపుకు దిగింది.

ఆర్‌ఎస్‌ఐ అనే సూచిక, ధర జోరును సున్నా నుంచి నూరు దాకా కొలిచేది, 30 దిగువకు వస్తే షేరు లేస్తుందంటారు, అది వారాల తరబడి అక్కడే కూర్చోగలదని చెప్పరు. షేరు ధర ఒక్కో షేరు లాభానికి ఎన్ని రెట్లో చెప్పే పీఈ తక్కువంటారు, లాభాలు సగమైతే అదే ధర దగ్గర ఆ పీఈ రెట్టింపవుతుందని చెప్పరు. కంపెనీని నడిపే ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లను అప్పిచ్చినవాళ్లు అమ్మకానికి పెట్టిన రోజున ఏ ఎర్ర గీత అడ్డుపడుతుందో కూడా ఎవరూ చెప్పరు.

మా ఓడరేవులోకి ఓడను రానిచ్చే ముందు లోతు కొలిచి చెబుతారు. మీ లోతు చెప్పేవాడు మాత్రం మునిగాక వస్తాడు.

పోనీ, నిజంగా వచ్చినప్పుడైనా కబురు చేశారా? 2008 అక్టోబరు 27న ముంబయి మార్కెట్ సూచీ సెన్సెక్స్ మధ్యలో 7,700 దిగువను తాకి లేస్తే మీరు వచ్చి వెళ్లారని ఊపిరి పీల్చుకున్నాం. రోజు చివర మార్కెట్ మూసేటప్పటి ముగింపు లెక్క చూస్తే 2009 మార్చి 9న, 8,160 దగ్గర, మళ్లీ వచ్చారు. 2020 మార్చి 23న ఒక్కరోజే 3,900 పాయింట్లకు పైగా పడి 25,981 దగ్గర ఆగినప్పుడు ముగింపు లెక్కలో నువ్వు సాక్షాత్తూ అక్కడే ఉన్నావు. అప్పుడు బీచ్ రోడ్డులో నడిచేవాడూ లేడు, "ఇంకేం పడుతుంది" అన్నవాడూ లేడు. అందరూ ధైర్యం చెప్పిన రోజున రావు, అందరూ హడలిపోయిన రోజున దొంగలా వచ్చి పోతావు. ఏం మనిషివయ్యా నువ్వు?

నీ కోసం ఇక కాచుకుని కూర్చోను. రెండు త్రైమాసికాల ఫలితాలు వరసగా బాగుపడి, తాకట్టు తగ్గి, ధర నీకంటే ఇరవై శాతం పైకి వెళ్లాకనే కొంటాను. ఆ ఇరవై శాతం నీ ముఖాన కొట్టిన దక్షిణ అనుకో. ఇక గారూ లేదు, గీరూ లేదు.