పైరు పచ్చగా ఉంటే మట్టి మంచిదేనా?

“గని వ్యర్థాల దిబ్బ పక్క పొలమైనా భయం లేదు. మట్టిలో విషముంటే పైరే ఎదగదు. ఉన్నదీ నాలుగు వానలకు కొట్టుకుపోతుంది, మిగిలింది ఉడికిస్తే పోతుంది. అనుమానముంటే రెండు పంటలు పొద్దుతిరుగుడు వేయండి.” మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకే ఇది మూడుసార్లు వచ్చింది. పంపినవాళ్లు మంచి మనసుతోనే పంపారు. అయినా ఊరుకోలేకపోతున్నాను, ఇది తిండి గింజల సంగతి.

పైరే ఎదగదన్న మాటే అన్నిటికన్నా ప్రమాదం. రాగి, జింకు మితిమీరితే మొక్క ముందే పాలిపోయి చెబుతుంది. కాడ్మియం అనే విషలోహం అలా కాదు. మనిషికి హాని చేసేంత గింజలో చేరినా చేను పచ్చగానే ఉంటుంది. జపాన్‌లో కమియొకా గని కాడ్మియం జింజు నదిలో కలిసి, ఆ నీళ్లతోనే తొయామా ప్రాంతపు వరి పొలాలకు చేరింది. ఆ అన్నం తిన్నవాళ్లకు మూత్రపిండాలు దెబ్బతిని ఎముకలు గుల్లబారాయి. ఎక్కువగా బాధపడింది ఎక్కువ కాన్పులైన, వయసు మళ్లిన ఆడవాళ్లు. గట్టిగా దగ్గితే పక్కటెముక విరిగేది. జబ్బు పేరే ‘ఇతాయ్ ఇతాయ్’, అంటే ‘నొప్పి, నొప్పి’. అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో.

వరి చేసేవాళ్లు ఇది గమనించాలి. మడిలో నీళ్లు నిలిచినంతకాలం కాడ్మియం గంధకంతో ముడిపడి వేరుకు పెద్దగా అందదు. నీళ్లు తీసేసి నేల నెర్రెలిచ్చాక గాలి తగిలి ఆ ముడి వీడుతుంది. గింజ పాలుపోసుకునే వేళకు మడి ఆరిందంటే లోహం గింజకెక్కుతుంది. ఆర్సెనిక్ అనే మరో విషానిది దీనికి తలకిందులు, నీళ్లు నిలిస్తేనే ఎక్కువ ఎక్కుతుంది.

ఉడికిస్తే పోవడానికి కాడ్మియం పురుగుమందు కాదు, మూలకం. మరిగినా విరగదు.

వాన దిబ్బను కడిగితే ఆ బురద చేరేది పల్లపు పొలాలకే. జాంబియాలోని కాబ్వేలో సీసం గని 1994లో మూతపడింది. ఏళ్లు గడిచినా అక్కడి దుమ్ములో ఆడుకునే పిల్లల రక్తంలో సీసం బయటపడుతూనే ఉంది.

పొద్దుతిరుగుడు లోహాన్ని కొంత పీల్చే మాట నిజమే, రెండు పంటలతో తీరుతుందన్నదే అబద్ధం. పైగా ఆ మోళ్లను తగలబెట్టినా, పశువులకు వేసినా విషం చోటు మారుతుందంతే. జింజు ఒడ్డున ఏం చేశారో చూడండి: చెడిన మట్టిని కింద పూడ్చి, పైన బయటి నుంచి తెచ్చిన మంచి మట్టి పరిచారు. 860 హెక్టార్లకు పైగా పొలం, అంటే దాదాపు 2,100 ఎకరాలు. 1979లో మొదలైన పని 2012కి గానీ పూర్తికాలేదు.

“మా భూసార కార్డులో అంతా బాగుంది” అని కొందరు జవాబిచ్చారు. ఆ కార్డులో చూసేవి 12 అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక (pH), లవణాలు, సేంద్రియ కర్బనం. కాడ్మియం, సీసం, ఆర్సెనిక్ అందులో లేవు. గని దిబ్బకు దగ్గర పొలమైతే ఆ మూడింటినీ పేరు పెట్టి అడిగి పరీక్ష చేయించుకోండి. మట్టితో పాటు గుప్పెడు వడ్లు కూడా ఇవ్వండి.