కటింగ్ ప్లేయర్‌తో నొక్కి సోల్డర్ వేస్తే సరిపోదు: ‘ఏడు నిజాల’ మెసేజ్‌కు జవాబు

ఎక్కడ విమాన ప్రమాదం జరిగినా వారం తిరక్కుండానే ఆ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. పేరు "విమానాల వైరింగ్ గురించి మీకెవరూ చెప్పని ఏడు నిజాలు". కింద "కనీసం పది మందికి పంపండి" అని ఒక ఆజ్ఞ. చిన్ననాటి స్నేహితుల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది. పోనీలే అని ఊరుకున్నాను. ఈసారి ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్) కోర్సు చదువుతున్న పిల్లల గ్రూపులో కనిపించింది. కింద వరసగా "సూపర్ ఇన్ఫో అన్నా" అని మెచ్చుకోళ్లు. రేపు శంషాబాద్ హ్యాంగర్లలో హార్నెస్ (వైర్ల కట్ట) కట్టబోయేది ఈ పిల్లలే. ఇక ఊరుకుంటే తప్పు.

మెసేజ్ చెప్పే ఏడు మాటలు ఇవి. ఒకటి, డబ్బు మిగుల్చుకోవడానికే విమానాల్లో వైర్లను సోల్డర్ చేయకుండా (కరిగించిన లోహంతో అతకకుండా) క్రింప్ చేస్తారు (లోహపు గొట్టంలో దూర్చి నొక్కి బిగిస్తారు). రెండు, క్రింపింగ్‌కు ఖరీదైన టూల్ అక్కర్లేదు, కటింగ్ ప్లేయర్‌తో గట్టిగా నొక్కి పైన కాస్త సోల్డర్ వేస్తే కంపెనీ జాయింట్ కన్నా గట్టిగా ఉంటుంది. మూడు, బాండింగ్ జంపర్లు (విమానం లోహ భాగాలను ఒకదానితో ఒకటి కలిపే పొట్టి తీగలు) రేడియోలో గరగర రాకుండా ఉండటానికే, ఒకటి ఊడినా నష్టం లేదు. నాలుగు, బ్రేకర్ ఉంది కాబట్టి వైరింగ్ వల్ల మంట రాదు, ట్రిప్ అయితే మళ్లీ నొక్కితే సరి. ఐదు, పొదుపు కోసం వైర్లన్నీ తెల్లవే వేస్తారు, ఏది దేనిదో మెకానిక్‌కే తెలియదు. ఆరు, ఎయిర్‌బస్ ఎ380లో రాగి బదులు అల్యూమినియం వైర్లు వేసి మోసం చేశారు, అందుకే ఆ విమానం ఆలస్యమైంది. ఏడు, పాత జెట్ విమానాల్లో ఒక రకం వైరు ప్రమాదకరమని తెలిసి కూడా ఏళ్ల తరబడి వాడారు.

తేలికవి ముందు తీసేద్దాం. ఐదోది: ప్రతి వైరు మీదా గుర్తింపు కోడ్ ముద్రించి ఉంటుంది, ఇప్పుడు ఎక్కువగా యూవీ లేజర్‌తో. వందల వైర్లున్న బండిల్‌కు అన్ని రంగులు ఎక్కడి నుంచి తెస్తారు? వైరింగ్ డయాగ్రమ్ పక్కన పెట్టుకుని కోడ్ చదివితే ఏది దేనిదో తెలుస్తుంది. దీని మీద ఇంతకన్నా మాట్లాడటానికి ఏమీ లేదు.

ఆరోది: అల్యూమినియం సాంద్రత రాగిలో మూడో వంతు కన్నా తక్కువ, వాహకత సుమారు 60 శాతం. అంటే అంతే కరెంటు మోయడానికి కొంచెం లావు వైరు వేసుకున్నా బరువు సగానికి దిగుతుంది. ఎ380లో ఉన్నది 500 కిలోమీటర్లకు పైగా వైరింగ్. అక్కడ బరువు తగ్గించకపోతే ఇంకెక్కడ తగ్గిస్తారు? అల్యూమినియానికి ఆక్సైడ్ పొర సమస్య ఉంది, దానికి తగిన లగ్గులు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్కలు), దానికి తగిన పద్ధతి వేరు. అది జాగ్రత్తగా చేయాల్సిన పని, మోసం కాదు. ఇక 2006లో బయటపడిన ఆలస్యానికి పెద్ద కారణం హాంబర్గ్, తులూజ్ జట్లు ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు వెర్షన్లు వాడటం. తయారైన హార్నెస్‌లను తీసుకొచ్చి అమర్చబోతే పొడవు చాలలేదు. అల్యూమినియం వైర్ల కొలతలకు, వంపులకు ఉన్న ప్రత్యేక నియమాలు ఆ వెర్షన్ల మధ్య సరిగా బదిలీ కాకపోవడం కూడా అందులో ఒక భాగం. అది డిజైన్‌లో జరిగిన పొరపాటు, మోసం కాదు.

మొదటి మాటకు వద్దాం. క్రింపింగ్ చౌక కాబట్టి చేస్తారట. సోల్డర్ చేసినప్పుడు కరిగిన సోల్డర్ జాయింట్ దగ్గరే ఆగదు, స్ట్రాండ్ల (వైరులోని సన్నటి తీగల) మధ్య పాకి ఇన్సులేషన్ లోపలికి పోతుంది. అంతమేరా వైరు కడ్డీలా బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకున్న భాగం ముగిసి మెత్తటి వైరు మొదలయ్యే చోట, విమానం కదిలినంతసేపూ కంపనమంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది. స్ట్రాండ్లు అక్కడే ఒక్కొక్కటిగా తెగుతాయి, అదీ ఇన్సులేషన్ కింద, బయటికి కనపడకుండా. ఇంకో సంగతి, మామూలుగా వాడే తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇంజన్ పరిసరాల్లో వేసే నికెల్ పూత వైరు 260 డిగ్రీల దాకా తట్టుకునే రకం. వైరు నిక్షేపంగా ఉండగానే జాయింట్ కారిపోతే దాన్ని గట్టి జాయింట్ అని ఎలా అంటాం?

విమానంలో సోల్డర్ అసలు ఉండదని నేను అనడం లేదు. ఎవియానిక్స్ (విమానపు ఎలక్ట్రానిక్ పరికరాల) బాక్సుల లోపల సర్క్యూట్ బోర్డులన్నీ సోల్డరే. షీల్డ్ వైరు అల్లికను గ్రౌండ్ చేయడానికి సోల్డర్ స్లీవ్‌లు (లోపల సోల్డర్ ఉన్న చిన్న తొడుగులు) రోజూ వాడతాం. దేనికి ఏది అని మాన్యువల్‌లో రాసి ఉంటుంది, దాన్ని బట్టి చేస్తాం.

ఇప్పుడు రెండో మాట. ఈ జవాబు రాయడానికి అసలు కారణం ఇదే. మిగతావి చదివినవాళ్లకు ఒక తప్పు అభిప్రాయం మిగులుతుంది, అంతే. ఇది చదివినవాడు చేతిలో ప్లేయర్ పట్టుకుంటాడు.

మంచి క్రింప్‌లో ఏం జరుగుతుందో చూడండి. 22 గేజ్ (గేజ్ అంటే వైరు లావు కొలత) వైరులో మామూలుగా 19 స్ట్రాండ్లు ఉంటాయి. సరైన డై (టూల్‌లో నొక్కే అచ్చు) వాటిని, బారెల్‌ను (వైరు దూర్చే గొట్టాన్ని) కలిపి ఎంత నొక్కుతుందంటే స్ట్రాండ్ల మీది ఆక్సైడ్ పొర చిట్లి, లోహం లోహంలోకి ఒరుసుకుని, మధ్యలో గాలి చొరబడే సందు కూడా మిగలదు. గాలి, తేమ లోపలికి పోలేవు కాబట్టి ఏళ్లు గడిచినా ఆ జాయింట్ లోపల తుప్పు పట్టదు. కొంచెం తక్కువ నొక్కితే సందులు మిగులుతాయి, కొంచెం ఎక్కువ నొక్కితే స్ట్రాండ్లు నలిగి తెగుతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా చేతికి తెలిసేంత పెద్దది కాదు. ఎంత అనుభవమున్న చేతికైనా తెలియదు. అందుకే రాచెట్ టూల్. పూర్తిగా నొక్కేదాకా అది మధ్యలో తెరుచుకోదు. మనం అలిసిపోయినా, తొందరలో ఉన్నా, షిఫ్ట్ అయిపోవస్తున్నా అది మాత్రం అంతే నొక్కుతుంది. కనెక్టర్ పిన్నులకైతే ఎం22520 రకం టూల్, దానికి ఆ పిన్నుకు సరిపోయే పొజిషనర్ (పిన్నును సరైన చోట నిలిపే భాగం), వైరు గేజ్‌కు తగిన సెలెక్టర్ నంబరు (ఎంత లోతుగా నొక్కాలో నిర్ణయించేది). పని మొదలుపెట్టే ముందు గో-నోగో గేజ్ పెట్టి చూస్తాం. పచ్చ కొస దూరాలి, ఎర్ర కొస దూరకూడదు. కాలిబ్రేషన్ ట్యాగ్ తేదీ దాటిన టూల్‌ను ముట్టుకోకూడదు.

రింగ్ టెర్మినల్ (వైరు కొసకు బిగించే ఉంగరం లాంటి ముక్క) ముచ్చట ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఎరుపు, నీలం, పసుపు స్లీవ్‌లు అందం కోసం కాదు, వైరు సైజు కోసం. నీలం 16, 14 గేజ్‌లకు, పసుపు 12, 10 గేజ్‌లకు. అసలు టూల్ ఒక్క నొక్కులో రెండు పనులు చేస్తుంది. ఒకచోట రాగిని పట్టిస్తుంది, వెనక ఇంకోచోట ఇన్సులేషన్‌ను పట్టిస్తుంది. ఆ రెండో పట్టే వైరు ఊగకుండా కాపాడేది. కటింగ్ ప్లేయర్ ఈ రెండో పని చేయగలదా? మొదటి పనే చేయలేదు, బారెల్‌ను చపాతీలా చదును చేస్తుంది. ఆపైన సోల్డర్ వేయమంటున్నారు. నైలాన్ స్లీవ్ ఉన్న టెర్మినల్ మీద సోల్డరింగ్ ఐరన్ పెడితే స్లీవ్ కరుగుతుంది. స్లీవ్ పీకేసి సోల్డర్ వేస్తే ఇన్సులేషన్ పట్టు పోతుంది. ఫ్లక్స్ (సోల్డర్ అంటుకోవడానికి వాడే రసాయనం) లోపలే ఉండిపోయి లోహాన్ని తింటుంది. సోల్డర్ వైరులోకి పాకి పైన చెప్పిన బిగుసుకున్న గీతను తయారుచేస్తుంది. క్రింపింగ్‌లోని మంచి ఒక్కటీ రాదు, సోల్డరింగ్‌లోని చెడు మొత్తం వస్తుంది. ఇదే "కంపెనీ జాయింట్ కన్నా గట్టి"దట!

"లాగి చూశా అన్నా, ఊడలేదు" అంటారు. ఎంత బలంతో లాగావు? అమెరికా సైనిక ప్రమాణం ప్రకారం 22 గేజ్ రాగి వైరు టెర్మినల్ 15 పౌండ్లు, అంటే దాదాపు ఏడు కిలోలు తట్టుకోవాలి. దాన్ని కొలిచే పరికరంతో, శాంపిల్ ముక్క మీద చూస్తారు, రెండు వేళ్లతో గుంజి కాదు. పైగా ఊడకపోవడం సగం సంగతే. లోపల రెసిస్టెన్స్ 0.1 ఓమ్ ఉన్న జాయింట్ గుండా 10 ఆంపియర్లు పోతే అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. ఒక మిల్లీఓమ్ (ఓమ్‌లో వెయ్యో వంతు) ఉన్న జాయింట్‌లో 0.1 వాట్ మాత్రమే. వేలి గోరంత చోట, గాలి ఆడని బండిల్ మధ్యలో, ఆ 10 వాట్లు ఏం చేస్తాయో ఎలక్ట్రికల్ చదివే పిల్లలకు నేను చెప్పాలా? బయటి నుంచి చూస్తే రెండు జాయింట్లూ ఒకేలా ఉంటాయి. అందుకే పిన్ను బారెల్‌కు చిన్న తనిఖీ రంధ్రం పెట్టారు, అందులోంచి స్ట్రాండ్లు కనపడాలి. ఒక్క స్ట్రాండ్ బయట మిగిలిపోయినా ఆ పిన్ను కత్తిరించి మళ్లీ చేయాలి. ఈ టూల్ ఖరీదెక్కువే, కాదనను. కానీ సొంతంగా కొనలేని విద్యార్థి ప్లేయర్‌తో అలవాటు చేసుకోవాల్సిన పనిలేదు. కాలేజీ వర్క్‌షాపులో సరైన టూల్ పెట్టించమని అడగండి. అది మీ హక్కు.

మూడోది, బాండింగ్. రేడియో రొద తగ్గడం దాని పనుల్లో ఒకటి, నిజమే. మిగతావి మెసేజ్ రాసినవారికి తెలిసినట్టు లేదు. పిడుగు పడినప్పుడు కరెంటు విమానం ఒళ్లంతా దాటి బయటికి పోవాలి. పరీక్షల్లో వాడే గరిష్ఠ ప్రవాహం 2,00,000 ఆంపియర్లు. ఎలివేటర్, అయిలరాన్ (తోక మీద, రెక్కల మీద కదిలే పలకలు) కీళ్ల దగ్గర జంపర్ లేకపోతే ఆ కరెంటు బేరింగుల గుండానే పోతుంది, అవి కాలి గుంటలు పడతాయి, అతుక్కుపోవచ్చు కూడా. 1963 డిసెంబర్ 8న అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఎల్క్‌టన్ దగ్గర పాన్ యామ్ 214 పిడుగు వల్ల రెక్కలోని ఇంధన ట్యాంకు పేలి కూలింది. 81 మంది పోయారు. పిడుగు నుంచి రక్షణ మీద నియమాలు బిగిసింది ఆ తర్వాతే.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ మార్గదర్శకం ఏసీ 43.13-1బీ చెప్పే బాండింగ్ పరిమితి 0.003 ఓమ్. మామూలు మల్టీమీటర్ ప్రోబ్ వైర్ల రెసిస్టెన్సే అంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి బీప్ వచ్చింది, బాండింగ్ బాగుంది అనుకోవడం కుదరదు. నాలుగు వైర్ల మిల్లీఓమ్ మీటర్ కావాలి. జంపర్ పెట్టే చోట పెయింట్, అనోడైజ్ పొర (అల్యూమినియం మీది రక్షణ పొర) గీకి శుభ్రం చేయాలి, ఎందుకంటే అనోడైజ్ పొర కరెంటును ఆపేస్తుంది. బిగించాక మళ్లీ సీల్ చేయాలి. జంపర్ వీలైనంత పొట్టిగా ఉండాలి. పొడవు మిగిలిందని చుట్ట చుట్టి కడితే, అంత వేగంగా పెరిగే పిడుగు కరెంటుకు ఆ చుట్టే అడ్డుపడుతుంది. బోయింగ్ 787 లాంటి కాంపోజిట్ (ఎక్కువగా కార్బన్ నారతో చేసిన) విమానాల చర్మంలో రాగి జాలీ పరిచేది కూడా పిడుగు కోసమే.

నాలుగోది చదివితే నాకు ఒళ్లు మండింది. బ్రేకర్ కాపాడేది ఓవర్‌లోడ్ నుంచి, గట్టి షార్ట్ నుంచి. ఇన్సులేషన్ చిట్లి అప్పుడప్పుడు మిణుకుమనే ఆర్క్‌లో (సందులోంచి దూకే కరెంటు మెరుపులో) సగటు కరెంటు బ్రేకర్ వేడెక్కేంత ఉండకపోవచ్చు, కానీ ఆ మెరుపు వేడి వేల డిగ్రీలు. 1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవా వెళ్తున్న స్విస్ ఎయిర్ 111లో కాక్‌పిట్ పైకప్పు లోపల చాలామటుకు వైర్ల ఆర్క్ వల్లే అక్కడి ఇన్సులేషన్ దుప్పటి పైపొర అంటుకుంది. ఏదో వాసన వస్తోందని పైలట్లు గమనించిన సుమారు 20 నిమిషాలకే అది కెనడాలోని నోవా స్కోషియా తీరాన సముద్రంలో పడింది. 229 మంది. అందులోని బ్రేకర్లు అన్ని రకాల ఆర్క్‌ల నుంచీ కాపాడగలిగేవి కావని కెనడా దర్యాప్తు నివేదిక రాసింది. "ట్రిప్ అయితే మళ్లీ నొక్కండి" అని పంపేవారు ఈ పేరా రెండుసార్లు చదవాలి. కారణం తెలియకుండా నొక్కడమంటే ఆరబోయే మంటకు మళ్లీ కరెంటు ఇవ్వడమే.

ఏడో మాట నిజం. మెసేజ్‌లో ఇదొక్కటి చదివినప్పుడు నాకు కోపం రాలేదు. 1970ల నుంచి ఎన్నో జెట్ విమానాల్లో కాప్టన్ అనే పాలిమైడ్ ఇన్సులేషన్ వైరు వేశారు. సన్నం, తేలిక, వేడికి తట్టుకుంటుంది. కానీ ఒకసారి ఆర్క్ పడితే ఆ ఇన్సులేషనే మాడి బొగ్గై కరెంటును మోస్తుంది, ఆర్క్ వైరు వెంట పాకి పక్క వైర్లకూ అంటుకుంటుంది. అమెరికా నౌకాదళం 1980ల్లోనే దాన్ని వదిలించుకోవడం మొదలుపెట్టింది. ప్రయాణికుల విమానాల్లో అది ఆ తర్వాత కూడా ఏళ్లపాటు కొనసాగింది. వైరింగ్‌ను ఒక పూర్తి వ్యవస్థగా చూసే ఎఫ్ఏఏ నియమాలు 2007లో వచ్చాయి. స్విస్ ఎయిర్ తర్వాత తొమ్మిదేళ్లకు. దీన్ని సమర్థించే మాట నా దగ్గర లేదు.

ఆ నియమాల వల్ల హ్యాంగర్‌లో కనిపించే మార్పు మాత్రం చెప్పాలి. వైరింగ్ శిక్షణ ఇప్పుడు ఎలక్ట్రికల్ వాళ్లతో ఆగదు, షీట్ మెటల్ వాళ్లకూ, క్యాబిన్ శుభ్రం చేసేవాళ్లకూ ఇస్తారు. డ్రిల్ చేసినప్పుడు బండిల్ మీద పడిన లోహపు రజను కంపనానికి ఇన్సులేషన్‌ను కోస్తుంది, పేరుకున్న దుమ్ము, నూలు పీచు మంటకు ఆహారమవుతాయి. కాబట్టి డ్రిల్ పట్టుకునే ముందే కింద ఉన్న బండిల్‌ను కప్పాలి, పని అయ్యాక వాక్యూమ్‌తో రజను లాగేయాలి, ఎయిర్ గన్‌తో ఊదకూడదు. ఊదితే అది ఇంకా లోపలికి పోతుంది.