గుండెను గట్టిగా కొట్టుకునేలా చేస్తే సరిపోతుందా?

గుండె బలహీనపడితే మందుతో దాని వేగం, బలం పెంచాలన్న ఆలోచన వైద్యంలో చాలాకాలం నడిచింది. 1991లో వచ్చిన ప్రామిస్ ట్రయల్ ఫలితాలు దాన్ని గట్టిగా దెబ్బతీశాయి. మిల్రినోన్ మాత్రలు వాడిన రోగుల్లో మరణాలు, మందు లేని మాత్రలు వాడినవారికంటే 28 శాతం ఎక్కువ. గుండెను ఉత్తేజపరిచే మందు ప్రాణం మీదికి ఎందుకు తెచ్చింది? ప్రోటీన్లు తయారయ్యాక వాటికి జరిగే మార్పులను చూడకుండా దీనికి జవాబు దొరకదు.

కణంలో తయారైన ప్రోటీన్‌కు తర్వాత ఫాస్ఫేటో, చక్కెర అణువో, మరో చిన్న ప్రోటీనో అతుక్కుంటుంది. దాంతో దాని పనితీరు మారిపోతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కండర కణంలోకి కాల్షియం విడుదలవుతుంది. దాన్ని తిరిగి నిల్వకు చేర్చేది సెర్కా అనే పంపు. 52 అమైనో ఆమ్లాలున్న ఫాస్ఫోలాంబాన్ ఆ పంపుకు బ్రేకు. అడ్రినలిన్ అందితే ఫాస్ఫోలాంబాన్‌కు ఫాస్ఫేట్ అతుక్కుని బ్రేకు వదులవుతుంది, గుండె త్వరగా సడలి మళ్లీ బలంగా ముడుచుకుంటుంది. వైఫల్యం చెందిన గుండెలో ఈ ఫాస్ఫేట్ తగ్గిపోతుంది, బ్రేకు పట్టేసి ఉంటుంది.

అలాంటప్పుడు ఫాస్ఫేట్ పెంచితే మంచిదేగా అనిపిస్తుంది. మిల్రినోన్ చేసేది దాదాపు అదే, కానీ ఆ ప్రభావం ఒక్క ఫాస్ఫోలాంబాన్‌తో ఆగదు. కాల్షియాన్ని కణంలోకి రానిచ్చే ద్వారాలకూ ఫాస్ఫేట్ అతుక్కుంటుంది, గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది. దీనికి పూర్తిగా ఎదురు దిశలో, అంటే అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుంటూ పనిచేసే బీటా బ్లాకర్లను స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు 1975లోనే ఈ రోగులకు ఇచ్చి చూశారు. చాలామంది నమ్మలేదు. 1999లో మెరిట్-హెచ్‌ఎఫ్ ట్రయల్‌లో మెటోప్రోలాల్ అనే బీటా బ్లాకర్ మరణాలను 34 శాతం తగ్గించింది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ప్రోటీన్లకు ఫాస్ఫేట్ అతికించే క్యామ్‌కైనేజ్-2 అనే ఎంజైమ్. మామూలుగా కాల్షియం పెరిగినప్పుడే అది పనిచేస్తుంది. ఆక్సీకరణకు గురైతే కాల్షియం తగ్గాక కూడా ఆగదని 2008లో తేలింది. గ్లూకోజ్ ఎక్కువైనప్పుడు చక్కెర అణువు అతుక్కున్నా అదే జరుగుతుందని 2013లో బయటపడింది. డయాబెటిస్ ఉన్నవారి గుండె ఎందుకు అంత తేలిగ్గా దెబ్బతింటుందో అర్థం చేసుకోవడానికి ఇదొక దారి.

సెర్కా జన్యువును గుండెకు పంపిన క్యుపిడ్-2 ట్రయల్ 250 మంది రోగుల్లో ఫలితం చూపలేదు. జన్యువు కండరంలోకి తగినంత చేరలేదన్న వివరణలో నిజం ఉండొచ్చు. అయినా పంపుల సంఖ్య పెంచడం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. సెర్కాను నిలబెట్టే సూమో అనే చిన్న ప్రోటీన్ కూడా జబ్బు గుండెలో తగ్గుతుందని 2011లోనే తెలిసింది.

పరిశోధనకు దొరికే గుండె కండరం ఎక్కువగా గుండె మార్పిడి సమయంలో తీసినదే, అంటే జబ్బు చివరి దశది. అందులో కనిపించే మార్పు జబ్బుకు కారణమో, ఫలితమో చెప్పడం కష్టం. గుండెకు సాయంగా రక్తం పంపే యంత్రాన్ని అమర్చేటప్పుడు తీసే కండరాన్ని, అదే రోగికి తర్వాత గుండె మార్పిడి చేసేటప్పుడు తీసినదానితో పోల్చే అధ్యయనాలకు డబ్బు, ఓపిక రెండూ కావాలి. కొత్త మందుల వేటకంటే ముందు ఖర్చు పెట్టాల్సింది అక్కడే.