పదివేల అడుగులు, ఒక ఉయ్యాల

మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసు 2014లో 58 నుంచి 60 అయింది. 2022లో 62 అయింది. రెండుసార్లూ మా ఆవిడ అరసవల్లి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. జీతం మరో రెండేళ్లు వస్తుందన్న సంతోషం కాబోలు అనుకున్నాను. రిటైరైన పదిహేను రోజులకి అసలు సంగతి బోధపడింది. ఆవిడ మొక్కు జీతం కోసం కాదు. పది నుంచి ఐదు దాకా నేను ఇంట్లో లేకుండా ఉండటం కోసం.

తప్పు నాదే. ముప్ఫై ఆరేళ్లు స్టాకు రిజిస్టర్లు రాసిన చెయ్యి ఊరుకోదు కదా. మొదటి వారం వంటింటి డబ్బాలకి నంబర్లు వేశాను. రెండో వారం ఇన్‌స్పెక్షన్ చేశాను. ఏడో నంబరు డబ్బాలో కందిపప్పు అరకిలో తక్కువ తేలింది. సంజాయిషీ అడిగాను. ఆ పూట సంజాయిషీ రాలేదు, అన్నమూ రాలేదు.

రాత్రి మా ఆవిడ హైదరాబాదులో ఉన్న అబ్బాయికి ఫోన్ చేసింది. "మీ నాన్నని ఇంట్లోంచి బయటికి పంపే మార్గం ఏదైనా చూడరా" అంది. నాలుగో రోజుకి ఒక వాచీ పార్సిల్లో వచ్చింది. టైము ఒక మూల చిన్నగా చూపించి, మిగతా జాగా అంతా మనం ఎన్ని అడుగులు వేశామో చూపించే రకం. రోజుకి పదివేలు వేస్తే చేతి మీద బుర్రుమని వణికి, తెర మీద చిచ్చుబుడ్లు వెలిగిస్తుంది. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో నాకు ఎవరూ చిచ్చుబుడ్డి వెలిగించలేదు. మర్నాడే బూట్లు కొన్నాను.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున్న నడిచే బ్యాచ్ ఒకటి ఉంది. నలుగురు రిటైరైన పెద్దమనుషులు. ఒక హెడ్మాస్టరు గారు, ఒక బ్యాంకు మేనేజరు, ఒక కరెంటాఫీసు ఇంజినీరు, ఎక్కడ పనిచేశారో ఎంత అడిగినా చెప్పని ఇంకొకాయన. మా శ్రీకాకుళంలో బడి మొహం చూడని వాళ్లని కూడా "మాస్టారూ" అనే పిలుస్తారు కాబట్టి ఐదుగురం మాస్టార్లమే. అందరి చేతికీ వాచీలున్నాయి. అందరి అడుగులూ ఒకేచోట కనిపించే యాప్ ఒకటి హెడ్మాస్టరు గారి ఫోన్‌లో ఉంది. నిన్నటి లెక్కలో ఎవరు ఆఖరైతే ఇవాళ టిఫిన్ బిల్లు వాళ్లది. నడిచింది కరిగిపోకుండా అందరూ తలొక ప్లేటు పూరీ తింటారు. అదీ నియమం.

మొదటి పది రోజుల్లో తొమ్మిదిసార్లు బిల్లు నేనే కట్టాను. నడవక కాదు. అరసవల్లి దాకా నడిచి వెళ్లి నడిచి వచ్చేవాణ్ణి. ఆ గుళ్లోకి సూర్యుడు కూడా మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి వచ్చి స్వామి పాదాలు తాకి పోతాడు. నేను వారానికి ఐదుసార్లు వెళ్లాను. కానీ వచ్చేటప్పుడు ఆనపకాయలూ మునక్కాడలూ ఉన్న సంచీ వాచీ ఉన్న చేత్తోనే పట్టుకునేవాణ్ణి. చెయ్యి ఊగకపోతే అడుగు పడనట్టే లెక్క అని ఆ యంత్రం సిద్ధాంతం.

ఒకరోజు మరీ ఘోరం. పెట్రోలు అయిపోయి, సరిగ్గా కోడి రామ్మూర్తి స్టేడియం గేటు ముందు నా స్కూటర్ ఆగిపోయింది. ఆ మహానుభావుడు ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్నాడు, కదిలే కార్లని ఆపేశాడు. ఆయన పేరున్న గేటు దగ్గర నేను ఆగిపోయిన స్కూటర్ని కదపలేక ఒగురుస్తున్నాను. హ్యాండిల్ పట్టుకుని ఇంటిదాకా తోసుకొచ్చాను. చొక్కా పిండితే నీళ్లు కారాయి. వాచీ చూస్తే నలభై మూడు అడుగులు.

ఇక వాచీ తీసి అవతల పారేద్దామనుకున్న మధ్యాహ్నమే అదృష్టం తలుపు తట్టింది. మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. మూడు నెలల మనవరాలు. చీర ఉయ్యాల ఊపితేనే నిద్రపోతుంది, ఆపితే లేస్తుంది. నేను కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ ఎడంచేత్తో ఊపుతున్నాను. సినిమా పేజీకి వచ్చేసరికి చెయ్యి బుర్రుమంది. చిచ్చుబుడ్లు! పదివేలు!

నాకు కళ్లు తిరిగాయి. తిరిగి లెక్క చూసుకున్నాను. పొద్దున్నుంచి వేసినవి మూడువేల చిల్లర. మిగతా అంతా మనవరాలి చలవ.

ఇలాంటి సమయంలో నిజాయితీపరుడైతే ఏం చేస్తాడో నాకు తెలియదు. నేను గవర్నమెంటు ఉద్యోగిని. స్టేట్‌మెంట్‌లో అంకె వచ్చిందంటే పని జరిగినట్టే. మర్నాడు పూరీ ఉచితంగా తిన్నాను.

సంగతి పసిగట్టింది మా ఆవిడ. చెప్పకుండానే అంతా అర్థం చేసుకుంది. "ఏమండీ, చల్ల చిలికితే ఎన్నొస్తాయో చూడండి" అని కవ్వం చేతికిచ్చింది. పదిహేను వందలు వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత గ్రైండరు చెడిపోయిందంది. పెరట్లో తులసికోట పక్కన బోర్లించి ఉన్న రుబ్బురోలు మళ్లీ వెల్లకిలా తిరిగింది. మినప్పప్పు రుబ్బితే రెండువేల ఎనిమిది వందలు. కరెంటు పోయిన రాత్రి విసనకర్ర విసిరితే లెక్కకు అందనన్ని. గ్రైండరు మెకానిక్కుని పిలుద్దామంటే, "ఎందుకు తొందర" అంది.

నెల తిరిగేసరికి యాప్‌లో నేనే నంబర్ వన్. రోజుకి పద్నాలుగువేలకి తగ్గడం లేదు. హెడ్మాస్టరు గారు గ్రౌండులో నా పిక్కలు తడిమి చూసి, "పైకి ఏమీ తెలీదు గానీ లోపల ఇనుము మాస్టారూ" అన్నారు. ఆ ఊపులోనే శాలిహుండం కొండెక్కుదామని తీర్మానం చేశారు. ముందు నడిచేది నేనట. కాదంటే బాగుండదు. ఆదివారం తెల్లవారుజామునే ఆటో మాట్లాడుకున్నాం. టెన్షన్‌లో వాచీ ఛార్జింగులోనే వదిలేశాను.

శాలిహుండం పెద్ద కొండేమీ కాదు. పైన బౌద్ధుల స్తూపాలు, కింద వంశధార. పూర్వం భిక్షువులు పొద్దునొకసారి సాయంత్రమొకసారి బిచ్చానికి దిగి ఎక్కేవారేమో గానీ, నేను సగం కూడా ఎక్కకుండానే ఎడమ పిక్క పట్టేసింది. రాయి మీద చతికిలబడ్డాను. పక్కనుంచి మేకల్ని తోలుకుపోతున్న ముసలమ్మ ఆగింది. "ఏటి బావూ, ఇంతట్లోకే కూకుండిపోనావు? మా మేకపిల్లలు ఎప్పుడో ఎక్కీసినాయి" అంది.

"మాస్టారు మన కోసం ఆగారమ్మా. ఆయన రోజుకి పద్నాలుగువేలు నడుస్తారు" అని హెడ్మాస్టరు గారు నా పరువు నిలబెట్టారు. ముసలమ్మ నా పొట్టకేసి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆయన నా పక్కనే కూర్చుని, గాలి పీల్చుకుంటూ ఫోన్ తీశారు. చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"మాస్టారూ, మీరిక్కడ కూర్చున్నారు కదా?"

"కూర్చున్నానండీ."

"మరి ఇందులో మీరు నడుస్తున్నారే! ఆరువేల రెండొందలు... మూడొందలు... ఇప్పుడే ఇంకో పది పడ్డాయి."

నాకు వంశధార గిర్రున తిరిగింది. ఇంటికి ఫోన్ చేశాను. స్పీకరు నొక్కుకుపోయినట్టుంది, మా ఆవిడ గొంతు కొండంతా వినిపించింది. "మీ వాచీ నేనే పెట్టుకున్నానండీ. పాప ఉయ్యాల్లో ఉంది. రేపు పూరీ బిల్లు మీ మీద పడకూడదని ఊపుతున్నాను. మీరు నిమ్మళంగా కొండెక్కండి. అన్నట్టు, వచ్చేసరికి పప్పు నానుతుంది."

నలుగురూ నాకేసి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. పైకి కూడా ఎవరూ వెళ్లలేదు. ఆటోలో ఎక్కడ పనిచేశారో చెప్పని ఆయన మాత్రం, "ఎడంచెయ్యా, కుడిచెయ్యా?" అని ఒక్కమాట అడిగారు.

గ్రౌండుకి మొహం చెల్లక రెండు రోజులు ఇల్లు కదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం భోజనాలై నడుం వాల్చేవేళ గేటు చప్పుడైంది. హెడ్మాస్టరు గారు. వెనకాల బ్యాంకు మేనేజరు, ఆయన వెనక మిగతా ఇద్దరూ. నలుగురి చేతులకీ వాచీలు.

"పాపని చూసి పోదామని మాస్టారూ" అంటూ హెడ్మాస్టరు గారు చెప్పులు విప్పి, నా కుర్చీ ఉయ్యాల పక్కకి లాక్కుని కూర్చున్నారు. మేనేజరు గారు, "ఒక అరగంటయ్యాక నాది" అన్నారు.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి అందరినీ లెక్కపెట్టుకుంది. "అన్నయ్యగార్లూ, నిలబడ్డారేం? పెరట్లో రుబ్బురోలు ఖాళీగానే ఉంది" అంది.